ఎనిమిదో అమ్మాయి ఎవరు? సిమాంకాస్ డాలును చదివిన తీరు

పాత ముద్రలు, జెండాలు, ఊళ్ళ లాంఛనాలు చూసి తిరిగి గీయడం, ఒక్కోదాని కింద అరవై డెబ్బై మాటల పరిచయం రాసిపెట్టడం నా పని. స్పానిష్ నేర్పే ఒక సంస్థవారు తమ గోడకు స్పెయిన్ ఊళ్ళ డాళ్ళు పన్నెండు కావాలన్నారు. పదకొండు సాఫీగా అయిపోయాయి. పన్నెండోది నా చేత మూడు నెలలు చదివించింది. ఆ ఊరి పేరు సిమాంకాస్.

లాంఛనం అంటే మనకు చాళుక్యుల వరాహం గుర్తుకొస్తుంది. రాజ్యానికో వంశానికో ఒక గుర్తు, శాసనాల మీదా నాణేల మీదా అదే. యూరప్‌లో ఆ గుర్తు డాలు ఆకారంలోకి ఎక్కింది. వంశాలకే కాదు, ఊళ్ళకూ ఉంటుంది. పంచాయతీ కాగితం మీద, ఊరి పొలిమేర బోర్డు మీద, చెత్తబండి మీద కూడా కనిపిస్తుంది.

సిమాంకాస్ వయ్యదోలిద్ నగరానికి నైరుతిగా పది కిలోమీటర్ల దూరంలో, పిసువెర్గా నది ఒడ్డున, గుట్ట మీద ఉంది. కింద పదిహేడు కమానుల పాత రాతి వంతెన, పైన కోట. ఊరి డాలులో ఉన్నవి మూడే: మధ్యలో కోట, దాని పైన నక్షత్రం, చుట్టూ అంచులో చేతులు.

ఆ అంచును స్పానిష్‌లో బోర్దూరా అంటారు. చీరకు అంచు ఎలాగో డాలుకు ఇది అలాగ. స్పెయిన్‌లో అంచు మీద బొమ్మలు పెట్టేటప్పుడు ఎనిమిది పెట్టడం పరిపాటి: పైన మూడు, పక్కలకు రెండేసి, అడుగు మొనలో ఒకటి. ఇంటూ గుర్తులైనా ఎనిమిదే, చిన్న కోటలైనా ఎనిమిదే. ఏళ్ళ తరబడి అలా గీసిన చెయ్యి కాబట్టి లెక్కపెట్టకుండానే ఎనిమిది హస్తాలు సర్దేశాను. ముచ్చటగా కుదిరాయి కూడా. సంస్థలో పాఠాలు చెప్పే ఆవిడ నమూనా చూసి ఒకే మాట అన్నారు.

"ఎనిమిదో అమ్మాయి ఎవరండీ?"

అప్పటికి నాకు ఆ కథ తెలియదు. బొమ్మ గీశాక కథ చదువుదామనుకునే బద్ధకం నాది. ఆవిడే చెప్పారు.

ఊరు చెప్పుకునే కథ

ముస్లిం పాలకులకు ఉత్తరాది క్రైస్తవ రాజులు ఏటా వంద మంది కన్యలను కప్పంగా పంపవలసి వచ్చేదట. యాభై మంది గొప్పింటి పిల్లలు, యాభై మంది సామాన్యులు. ఒక ఏడు ఈ ఊరి వంతుకు ఏడుగురు వచ్చారు. వెళ్ళడం ఇష్టం లేని ఆ పిల్లలు తలా ఒక చెయ్యి నరుక్కున్నారు. వాళ్ళను ఆ స్థితిలో చూసిన ముస్లిం పాలకుడు అబ్దుర్ రహ్మాన్ అన్నాడట: "సి మాంకాస్ మె లాస్ దాయిస్, మాంకాస్ నో లాస్ కియెరో." చెయ్యి లేనివాళ్ళను ఇస్తామంటే, చెయ్యి లేనివాళ్ళు నాకక్కర్లేదు అని. మాంకా అంటే చెయ్యి లేని స్త్రీ, మాంకాస్ బహువచనం. సి అంటే "అయితే, ఇస్తే" అని చెప్పే మాట. మొదటి రెండు మాటలు కలిపి పలికితే ఊరి పేరు వచ్చేసింది.

మనకు ఈ పద్ధతి కొత్తేమీ కాదు. శ్రీరాముడు జటాయువుతో "లే, పక్షీ" అన్నాడు కాబట్టి లేపాక్షి అయిందని చెప్పుకోమూ? గొప్పవాడి నోట ఒక మాట జారుతుంది, ఆ మాట ఊరి పేరై కూర్చుంటుంది. స్థలపురాణాల్లో ఇంతకంటే పాత ఎత్తుగడ లేదు.

ఈ కథను ఐదు పాదాల్లో బిగించిన పాత స్పానిష్ పద్యం ఒకటి ఉంది. తాత్పర్యం ఇది: అన్యమతస్థుల పాలబడకుండా ఏడుగురు కన్యలు తలా ఒక చెయ్యి కోసుకున్నారు, ఆ చేతులే సిమాంకాస్ క్రైస్తవుల డాలు మీద లాంఛనాలయ్యాయి. పద్యం ప్రాసలు చూడండి. పగానోస్, మానోస్, క్రిస్తియానోస్ ఒక జట్టు. మాంకాస్, సిమాంకాస్ ఇంకో జట్టు. చేతులకు స్పానిష్ మాట మానోస్, అది మతాల పేర్లతో ప్రాస కలిసింది. చెయ్యి లేనితనం ఊరి పేరుతో కలిసింది. కథ మొత్తాన్ని ప్రాసే మోస్తోంది.

అందులో "సెందాస్ మానోస్" అనే మాట దగ్గర నేను చాలాసేపు ఆగాను. సెందాస్ అంటే తలా ఒక్కటి. రెండు చేతులూ పోయాయని కాదు, ఏడుగురికి ఏడు చేతులు. అంచులో ఎన్ని గీయాలో పద్యమే చెబుతోంది. స్పెయిన్ అలవాటు ఎనిమిది అంటుంటే, కుదురుగా అమరని బేసి సంఖ్యను పట్టుబట్టి పెట్టారంటే, ఆ ఏడు ఊరికే వచ్చింది కాదు. గీసేవాడికి ఇబ్బంది కలిగించే చోట సాధారణంగా ఏదో అర్థం దాగి ఉంటుంది. ఇది నా వృత్తిలో నేర్చుకున్న సంగతి, పుస్తకాల్లోది కాదు.

తేదీలను వరసలో పెడితే

డాలు వెనుక కథ ఎదురైనప్పుడు నేను మూడు ప్రశ్నలు వేస్తాను. పేరు ఎప్పటిది? డాలు ఎప్పటి నుంచి సాధ్యం? కథ ఎప్పుడు రాతకెక్కింది?

పేరుతో మొదలుపెడదాం. రోమన్ సామ్రాజ్యపు రహదారులనూ మజిలీలనూ దూరాలతో సహా లెక్కగట్టిన ఒక పట్టిక ఉంది, ఆంతొనైన్ ఇటినెరరీ అంటారు. క్రీ.శ. 3వ శతాబ్దం చివరి నాటికి ఇప్పుడున్న రూపానికి వచ్చిందని సాధారణంగా చెబుతారు. నేటి మెరిదా నుంచి సరగోసా వెళ్ళే దారుల్లో ఒకదాని మీద అందులో ఒక మజిలీ పేరు సెప్తిమాంకా. అదే ఈ ఊరు. ముస్లిం సైన్యాలు ఐబీరియాలో, అంటే నేటి స్పెయిన్, పోర్చుగల్ ఉన్న నేల మీద, దిగింది 711లో. అంటే ఆ కప్పం కథ జరగడానికి అవకాశం రాకముందే, నాలుగు వందల ఏళ్ళ కిందటే ఊరికి ఆ పేరుంది. అబ్దుర్ రహ్మాన్ నోరు తెరవనక్కర్లేదు.

రెండోది డాలు. యూరప్‌లో వంశపారంపర్యంగా డాలు గుర్తులు పెట్టుకునే పద్ధతి 12వ శతాబ్దంలో పాదుకుంది. కస్తీయా రాజ్యానికి కోట గుర్తు వచ్చిందే ఆ శతాబ్దపు ఉత్తరార్ధంలో, ఎనిమిదో అల్ఫోన్సో కాలంలో. కాబట్టి పదో శతాబ్దపు యుద్ధం ముగిశాక రాజుగారు మెచ్చి ఈ డాలు ఇచ్చారని ఎవరైనా చెబితే, ఆ రాజుగారి దగ్గర ఇవ్వడానికి అలాంటి వస్తువే లేదని గుర్తుచేయాలి.

మూడోది కప్పం కథ. ఇది ఆసక్తికరం. వంద మంది కన్యల కథకు మనకు దొరికే పాత రాత ఒక దొంగ పత్రం. 12వ శతాబ్దం నడుమ సాంతియాగో కతెద్రల్‌లో, అంటే యేసు శిష్యుడు సాంతియాగో (యాకోబు) పేరిట ఉన్న పెద్ద చర్చిలో, తయారైంది. క్లవీహో అనే చోట మొదటి రమీరో రాజు సాంతియాగో దయతో ముస్లింలను ఓడించాడనీ, కప్పం పీడ వదిలినందుకు కృతజ్ఞతగా రైతులు ఏటా ఆ గుడికి ధాన్యం, ద్రాక్షసారాయి ఇవ్వాలని శాసించాడనీ అందులో రాశారు. పత్రం మీద వేసిన తేదీ 834. రమీరో గద్దెనెక్కింది 842లో. దొంగపత్రం రాసినవాడు లెక్క తప్పాడు. తర్వాతి వాళ్ళు ఆ యుద్ధాన్ని 844కు జరిపి సర్దుకున్నారు. క్లవీహో యుద్ధం జరగలేదన్నది నేటి చరిత్రకారుల మాట. కానీ ఆ పత్రం పేరు చెప్పి రైతుల దగ్గర వసూలు మాత్రం నిజంగానే సాగింది, 1812లో కాదిస్ పార్లమెంటు రద్దు చేసేదాకా. లేని కన్యల కప్పం తప్పినందుకు ఉన్న ధాన్యం కప్పం కట్టారు పాపం.

సిమాంకాస్‌లో నిజమైన యుద్ధం 939లో జరిగింది. కోర్దొబా ఖలీఫా మూడో అబ్దుర్ రహ్మాన్ పెద్ద సైన్యంతో స్వయంగా వచ్చాడు. లియోన్ రాజు రెండో రమీరో, కస్తీయా దొర ఫెర్నాన్ గొన్సాలెస్, నవార్రా బలగాలు ఎదురు నిలిచాయి. ఆ ఏడాది జులై 19న, శుక్రవారం నాడు, సూర్యగ్రహణం పట్టింది. సుమారు గంటసేపు లోకం చీకటైందని క్రైస్తవుల ఏడాదివారీ చరిత్రలు రాసుకున్నాయి. ఆగస్టులో సిమాంకాస్ ఎదుట రోజుల తరబడి పోరు సాగింది, ఖలీఫా ఓడాడు. వెనుదిరిగి పోతుంటే అల్‌హాందెగా అనే లోయలో మళ్ళీ దెబ్బతిన్నాడు, తన సొంత ఖురాన్ ప్రతి కూడా శత్రువుల చేతిలో పడింది. ఆ తర్వాత అతను ఏ దండయాత్రకూ స్వయంగా నాయకత్వం వహించలేదు.

ఇప్పుడు రెండు జంటలను పక్కపక్కన పెట్టండి. క్లవీహో కథలో మొదటి రమీరో, రెండో అబ్దుర్ రహ్మాన్. సిమాంకాస్ చరిత్రలో రెండో రమీరో, మూడో అబ్దుర్ రహ్మాన్. పేర్లు అవే, అంకె ఒక్కటే తేడా. రచ్చబండ మీద కథ చెప్పేవాడు అంకెలు పలకడు. వందేళ్ళ దూరం అక్కడే కరిగిపోతుంది. కల్పిత యుద్ధపు కప్పం వచ్చి నిజమైన యుద్ధం జరిగిన ఊరికి అతుక్కోవడానికి ఇది చాలు. ఇది నా ఊహే, అయినా దాని మీద నాకు నమ్మకం ఉంది.

చెవి

ఇలా ఊరి పేరే మూలమై బొమ్మగా మారిన డాళ్ళను స్పానిష్‌లో ఆర్మాస్ పర్లాంతెస్ అంటారు, అంటే మాట్లాడే లాంఛనాలు. బొమ్మను చూసి పైకి చెబితే పేరు వినపడాలి. లియోన్ డాలు మీద సింహం, కస్తీయా డాలు మీద కోట ఈ కోవలోవే. కస్తీయో అంటే కోట.

అయితే సిమాంకాస్‌లో ఒక తిరకాసు ఉంది. "సి మాంకాస్" అనే పలుకులో చేతులు లేనివాళ్ళు ఉన్నారు గాని ఏడు లేదు. ఏడుకు స్పానిష్ సియెతె. సియెతె మాంకాస్ అని వేగంగా అంటే సిమాంకాస్‌కు కాస్త దగ్గరగా వస్తుంది, పూర్తిగా రాదు. మరి ఏడు ఎక్కడిది?

పాత పేరు వైపు తిరిగితే దొరికింది. లాటిన్‌లో సెప్తెమ్ అంటే ఏడు. మాంకా అంటే లాటిన్‌లోనూ చెయ్యి చెడిన స్త్రీయే. మధ్యయుగంలో లాటిన్ దస్తావేజులు రాసే గుమాస్తా సెప్తిమాంకాస్ అని రాస్తూ ఉంటే, లాటిన్ వచ్చిన ఏ చెవికైనా "ఏడుగురు చేతిలేని స్త్రీలు" అని వినపడి తీరుతుంది. రోమన్లు ఆ అర్థంతో పెట్టారని కాదు నేననేది. విన్నవాడికి ఆ అర్థం సిద్ధంగా దొరికిందని. నోళ్ళలో పేరు అరిగి సిమాంకాస్ అయింది, సెప్తి అన్న ముక్క మాయమైంది. ఆ ముక్క డాలు అంచులో మాత్రం మిగిలింది. కథలో అమ్మాయిలు కల్పితం, నరుక్కోవడం కల్పితం, అబ్దుర్ రహ్మాన్ సంభాషణ కల్పితం. ఏడు అనే అంకె ఒక్కటే నిజమైన పాత వస్తువు. నేను ఎనిమిది గీసి సరిగ్గా దాన్నే చెరిపాను.

మూడో చెవి ఒకటుంది. అరబ్బు చరిత్రకారులు ఈ ఊరిని షంత్ మాంకష్ అని రాశారు. షంత్ అంటే వాళ్ళ రాతలో స్పెయిన్ ఊళ్ళ పేర్ల ముందు వచ్చే "సెయింట్". వాళ్ళకు ఇందులో ఏడూ వినపడలేదు, తెగిన చేతులూ వినపడలేదు, ఎవరో ఒక పుణ్యపురుషుడు వినిపించాడు. ఒకే పేరు, వినేవాడిని బట్టి కథ.

ఇది ఒక్క ఊరి సంగతేనా అని పక్కన రెండు మూడు తిరగేశాను. సెగోవియా వైపున్న సెపూల్వెదా పాత పేరు సెప్తెంపూబ్లికా. ఆ పట్టణం తనను తాను ఏడు ద్వారాల ఊరని చెప్పుకుంటుంది. మళ్ళీ ఏడే. గలీసియాకు చెందిన ఫిగెరోవా వంశం డాలు మీద ఐదు అంజూరపు ఆకులు. అంజూరపు చెట్టు గలీసియా మాటలో ఫిగెయిరా, పేరే బొమ్మ. దాని మీదా వంద మంది కన్యల కథే వాలింది: కప్పానికి పోతున్న అమ్మాయిలను ఐదుగురు వీరులు అంజూరపు కొమ్మలతో కొట్లాడి విడిపించారట. ఒకే కప్పం కథ, రెండు డాళ్ళు, రెండింటిలోనూ బొమ్మ పేరు నుంచి పుట్టిందే. ఇక అస్తూరియాస్‌లోని మిరాందా వంశానికి ఐదుగురు కన్యల ముఖాలే డాలు మీద ఉన్నాయి, అక్కడా ఈ కథే చెబుతారు. కానీ పేరుకూ బొమ్మకూ చుట్టరికం లేదు. కాబట్టి నా సూత్రం అన్ని చోట్లా పనిచేస్తుందని చెప్పబోను.

కోట, నక్షత్రం, బొటనవేలు

కోట గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. డాలు మీది కోట ఫొటో కాదు. బలమైన ఊరు అని చెప్పే గుర్తు, స్పెయిన్‌లో వందల డాళ్ళ మీద ఉంటుంది. ఇప్పుడు ఊళ్ళో నిలబడ్డ కోట చాలావరకు 15వ శతాబ్దంలో ఎన్రీకెస్ వంశంవారు కట్టించినది. తర్వాత అది రాజుల చేతికి వచ్చి చెరసాల అయింది. రాజు మీద తిరుగుబాటులో చేరిన జమోరా బిషప్పు అకూన్యాకు 1526లో ఇక్కడే మరణశిక్ష అమలైంది. 1540లో స్పెయిన్ రాజు ఐదో చార్లెస్ రాజ్యపు కాగితాలు ఇందులో భద్రపరచమన్నాడు. అతని కొడుకు రెండో ఫిలిప్, వాస్తుశిల్పి హువాన్ దె ఎర్రేరా చేత దాన్ని ఆర్కైవ్స్ భవనంగా మార్పించాడు, 1588లో నిబంధనావళి కూడా ఇచ్చాడు. 2017లో యునెస్కో ప్రపంచ స్మృతి జాబితాలో చేరింది. మూల పత్రం చూపకుండా ఏ మాటా నమ్మని చరిత్రకారులందరూ ఎప్పుడో ఒకప్పుడు తలుపు తట్టే ఊరు, మూల పత్రమే లేని కథను పొలిమేర బోర్డు మీద పెట్టుకుంది. నాకైతే ఇది నచ్చింది.

నక్షత్రం దగ్గర మాత్రం మనసు లాగింది. 939 గ్రహణం, పట్టపగలు చీకటి, కోట పైన ఒంటి చుక్క. పరిచయ పత్రంలో ఆ వాక్యం రాసేశాను కూడా. మర్నాడు కొట్టేశాను. నక్షత్రం డాళ్ళ మీద అన్నిటికంటే చవగ్గా దొరికే బొమ్మల్లో ఒకటి. ఊరు చెప్పని కథను నేను పుట్టించి గోడకు వేలాడదీస్తే, దొంగపత్రం రాసిన సాంతియాగో గుమాస్తాకూ నాకూ తేడా తేదీ ఒక్కటే.

చేతుల దగ్గర పని ఎక్కువైంది. అరచెయ్యి చూపే హస్తాన్ని స్పానిష్ లాంఛన భాషలో అపల్మాదా అంటారు. కథ చెప్పేవాళ్ళు తరచుగా ఎడమ చెయ్యి అంటారు, పద్యం తలా ఒకటి అని ఊరుకుంది. ఎడమ అరచెయ్యి చూసేవాడి వైపు తిరిగి ఉంటే బొటనవేలు చూసేవాడికి ఎడమవైపు రావాలి. చెయ్యి వెనుక భాగం గీస్తే కుడివైపు. దీని మీద ఇంకో మెలిక: డాలుకు కుడి ఎడమలు పట్టుకున్నవాడి వైపు నుంచి లెక్కిస్తారు, మనవైపు నుంచి కాదు. నా కంప్యూటర్‌లో ఒక పక్క చేతులు గీసి, వాటినే అద్దంలోలా తిప్పి రెండో పక్కకు వాడుకున్నాను. దాంతో ముగ్గురమ్మాయిలు ఎడమ చెయ్యి, ముగ్గురు కుడి చెయ్యి నరుక్కున్నట్టు వచ్చింది. అద్దంలో తిప్పడం మానేసి ఏడింటినీ విడివిడిగా గీశాను.

గీస్తుంటే ఇంకొకటి తట్టింది. డాలు మీద ఒంటరిగా గీసిన చెయ్యి ఎలా గీసినా తెగిన చెయ్యిలాగే ఉంటుంది. మణికట్టు దగ్గర ఎక్కడో ఒకచోట ఆపాలి కదా. ఆ ఆపిన గీతే కత్తివేటు అవుతుంది. ఐర్లండ్‌లోని అల్స్టర్ ఎర్ర చేతికీ ఇలాంటి కథే ఉంది: ఒడ్డును ముందు తాకినవాడిదే రాజ్యం అంటే, పడవ పందెంలో వెనకబడినవాడు తన చెయ్యి నరికి ఒడ్డుకు విసిరాడట. సిమాంకాస్‌లో పేరు కూడా "చెయ్యి లేనివాళ్ళు" అంటోంది. బొమ్మా పేరూ ఒకే మాట మీద నిలబడితే కథను ఆపడం ఎవరి తరం?

గోడ మీదకు వెళ్ళిన మాటలు

మొదట రాసిన పత్రం ఇలా ఉంది: "సిమాంకాస్. రోమన్ల నాటి పేరు సెప్తిమాంకా. ఆ పేరులో వినిపించే ఏడు, మాంకా అనే మాటలు డాలు అంచున ఏడు చేతులయ్యాయి. 939లో రెండో రమీరో ఇక్కడ కోర్దొబా ఖలీఫాను ఓడించాడు. కన్యల కప్పం తప్పించుకోవడానికి ఏడుగురు అమ్మాయిలు తలా ఒక చెయ్యి నరుక్కున్నారని, ఈ డాలు వాళ్ళ గుర్తని ఊరివాళ్ళు చెబుతారు."

ఆవిడ చదివి, చివరి వాక్యాన్ని మొదటికి తెమ్మన్నారు. పిల్లలు అది చదివితేనే మిగతాది చదువుతారన్నారు. నేను కాసేపు వాదించాను, పేరు ముందు, కథ తర్వాత, అదే కాలక్రమం అని. "మీరు మాత్రం ఏ వరసలో తెలుసుకున్నారు?" అన్నారు. వాక్యాన్ని పైకి తెచ్చాను. "చెబుతారు" అన్న మాట మాత్రం తీయనివ్వలేదు.

అచ్చుకు పంపే ముందు అంచు చుట్టూ వేలు పెట్టి లెక్కపెట్టాను. పైన మూడు, పక్కకొకటి చొప్పున రెండు, కింద వంపులో రెండు. అడుగు మొన ఖాళీగా ఉండిపోయింది, కంటికి ఇప్పటికీ వెలితిగానే ఉంది. అలాగే వదిలేశాను.